చప్పట్లు వద్దన్న ప్రదర్శనకి అత్తగారితో ప్రయాణం

2017 చలికాలంలో ఒక శనివారం ఎనిమిదింటికల్లా ఆక్లండ్ శివారు పాపకూర స్టేషన్‌కి చేరుకున్నాం, నేనూ మా అత్తగారు మార్తమ్మగారూ. ఆక్లండ్‌లో బయల్దేరే వెల్లింగ్టన్ రైలు ఇక్కడికి ఎనిమిదిన్నర ప్రాంతంలో వస్తుంది. నేను ఈ ఊళ్ళోనే సిటీ బస్సు నడుపుతాను. ఎక్కడికైనా అరగంట ముందు చేరకపోతే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. ఆ రోజు ముందే చేరినా ఆడలేదు. ఎందుకంటే అత్తగారికి అబద్ధం చెప్పి తీసుకెళ్తున్నాను.

వెల్లింగ్టన్ శివారు జాన్సన్‌విల్‌లో తెలుగువాళ్ళ ప్రార్థన కూటమి ఉందని, అందులో కరుణ పాడుతుందని ఆవిడతో చెప్పాం. కరుణ నా భార్య, ఆవిడకి ఒక్కగానొక్క కూతురు. గురువారమే ముందుగా వెళ్ళిపోయింది. నిజానికి ఆ రాత్రి ఎనిమిదింటికి అక్కడి కమ్యూనిటీ హాల్లో కరుణ డాన్సు చేయబోతోంది. మా మామగారు బాపట్ల దగ్గర పాస్టరుగా చేసి పోయారు, ఊరంతా అయ్యగారనేవారు. ఆయన సంఘంలో డాన్సంటే పాపం, అందులో వాదనకి తావు లేదు. స్కూలు వార్షికోత్సవంలో కూడా కరుణని స్టేజీ ఎక్కనివ్వలేదట. అత్తగారు మిషన్ స్కూల్లో టీచరుగా రిటైరైన మనిషి. ఆయన పోయాక ఆయనకంటే గట్టిగా ఆ మాట మీద నిలబడ్డారు. మూడు నెలల విజిట్ వీసా మీద మా దగ్గరికి వచ్చారు.

ముందు రోజు ఫోన్లో కరుణ నాతో ఒకటే మాట అంది. "ముందే చెప్తే అమ్మ రైలెక్కదు. తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టండి చాలు. చూస్తూ చూస్తూ లేచి వెళ్ళిపోయిందనుకోండి, నాకిదే చివరి షో. హిమజక్కకి కూడా చెప్పేశాను."

మా పాపకూర సంఘంలోనూ గొణుగుళ్ళు మొదలయ్యాయి. స్టేజీ ఎక్కే మనిషి సండే స్కూలు ఎలా నడుపుతుందని పెద్దలు అడుగుతున్నారు. దాన్ని కరుణ లెక్కచెయ్యలేదు. తన భయమంతా వాళ్ళమ్మ గురించే.

ఈ హిమజ ఎవరో చెప్పాలి. ఖమ్మం అమ్మాయి. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుంది. నాలాగే స్టూడెంట్ వీసా మీద వచ్చి, ఆక్లండ్‌లోని ఆల్బనీలో అకౌంటింగ్ చదువుతూ, ఖర్చుల కోసం ఒక రెస్ట్ హోమ్‌లో కేర్‌గివర్‌గా చేసింది. వయసు మళ్ళినవాళ్ళని మంచం మీద ఒత్తిగిలించడం, లేపి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, తినిపించడం ఆ పని. ఆ పనిలో నడుము ఎలా వంగుతుందో, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి ఎలా మారుతుందో గమనించి, అకౌంట్లు వదిలేసి దాన్నే డాన్సుగా కూర్చింది. ఆడేవాళ్ళు కూడా ఆ పని చేసేవాళ్ళే. మా కరుణ పాపకూరలో కేర్‌గివరే.

మొదట్లో ఇక్కడి కూచిపూడి టీచర్లు ఇదేం నాట్యమని ముఖం తిప్పుకున్నారు. ఇప్పుడు వాళ్ళ పెద్ద శిష్యురాళ్ళే ఆదివారాలు హిమజ దగ్గరికి పోతున్నారు. మనవాళ్ళలో చాలామందికి ఇంకో రకం కోపం. ఇంటికి ఫోన్ చేసి నర్సునని చెప్పుకుంటున్న పనిని అందరి ముందూ పెట్టి పరువు తీస్తోందని. నాకు డాన్సు గురించి ఓనమాలు తెలీవు. కానీ అంతకుముందు పాపకూరలో జరిగిన ప్రదర్శన అయ్యాక ఒక కివీ పెద్దాయన, అంటే ఇక్కడి తెల్లాయన, కరుణ రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదలకపోవడం చూశాను. అప్పటినుంచి దాన్ని ఆపమని నా నోటితో అనలేకపోయాను.

రైలు చెప్పిన టైముకే వచ్చింది. ఈ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట. మంచు కొండలు ఎడమవైపు, సాయంత్రం సముద్రం కుడివైపు కనిపిస్తాయి, కాబట్టి ఏ వైపు సీటు దొరికినా పోట్లాడక్కర్లేదు. టికెట్లు ముందుగా కొనుక్కుంటే చవక. రైల్లో టీ బాగుంటుంది, కాఫీ జోలికి పోకండి. మాకు టేబుల్ ఉన్న సీట్లు దొరికాయి. ఎదురుగా ఒక ముసలాయన ఊలు టోపీ పెట్టుకుని కూర్చుని అప్పుడే కునుకు తీస్తున్నాడు.

హామిల్టన్ దాటేసరికి పదిన్నర అయింది. అత్తగారు తల మీద కొంగు వేసుకుని ప్రార్థన చేసి, చపాతీలూ గోంగూర పచ్చడీ విప్పారు. నాకు పెట్టి తను ఒకటే తిన్నారు. బయట గొర్రెలూ పచ్చగడ్డీ తప్ప ఏమీ లేవు. ఆ పచ్చదనం చూస్తూ అయ్యగారి మాట ఎత్తారు. ఆయన చివరి రెండేళ్ళూ పక్షవాతంతో మంచాన ఉన్నారు, మాట పోయింది. అత్తగారు పాత నేతచీర మడతపెట్టి ఆయన కింద పరిచేవారట. ఆ చీర పట్టుకుని లాగి ఒత్తిగిలించేవారట, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది.

"ఒత్తిగిలించిన ప్రతిసారీ ఆయన పైకి చూసి పెదాలు కదిపేవారు బాబూ. ప్రార్థనే. శబ్దం వచ్చేది కాదు. ఆమెన్ నేననేదాన్ని," అన్నారు.

కరుణ నెల రోజుల సెలవు మీద వెళ్ళినప్పుడు పక్కన నిలబడి అదంతా చూసిందని, తిరిగి వస్తూ ఏదీ అడక్కుండా ఆ పాత చీర ఒక్కటే అడిగి తెచ్చుకుందని చెప్పారు. నేను ఊ కొడుతూ కూర్చున్నాను. ఇలాంటి మనిషితో అబద్ధం ఆడుతున్నందుకు నా మీద నాకే చిరాకు వేసింది. ఇప్పుడే చెప్పేద్దామని నోరు తెరిచి, టీ తెస్తానని లేచిపోయాను.

ఒంటిగంట అవుతుండగా రౌరిము దగ్గర రైలు కొండ చుట్టూ మెలికలు తిరుగుతూ పైకెక్కింది. అందరూ కిటికీలకి అతుక్కున్నారు. ఎదుటి పెద్దాయన కూడా లేచి టోపీ తీశాడు. అప్పుడు గుర్తుపట్టాను, పాపకూరలో కరుణ చేతులు పట్టుకున్న మనిషి ఆయనే. ఆయన నన్ను గుర్తుపట్టలేదు, కానీ అత్తగారి చీర చూసి మాట కలిపాడు. పేరు బిల్. జాన్సన్‌విల్‌లో డాన్సు చూడ్డానికి వెళ్తున్నాడట, రెండోసారి. నేను మాట మార్చాలని మంచు చూపించాను, వాతావరణం గురించి అడిగాను. ఆయన దేనికీ లొంగలేదు.

భార్య జోన్ రెస్ట్ హోమ్‌లో ఉన్నన్నాళ్ళూ వారానికోసారి పువ్వులు పట్టుకుని వెళ్ళి వచ్చేవాడట. ఆవిడకి రోజూ తల దువ్వేది ఎవరో, అన్నం పెట్టేది ఎవరో ఒక్కసారి కూడా అడగలేదట. ఆవిడ పోయాక ఎవరో బలవంతం చేస్తే ఈ డాన్సుకి వెళ్ళాడు. అక్కడ చూశాకే ఆ పనేమిటో అర్థమైందట.

"మా జోన్‌ని చూసుకున్న అమ్మాయి ఈ రాత్రి ఒక్కతే కొత్తది ఒకటి చేస్తుంది. తన పేరు కరుణ. మీ ఇండియా అమ్మాయే," అన్నాడు.

అత్తగారికి ఇంగ్లీషు బాగా వచ్చు. ఆయనకేసి మర్యాదగా తల ఊపి, కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. నేషనల్ పార్క్ స్టేషన్లో రైలు కాసేపు ఆగింది. జనం దిగి మంచుకొండకి ఫోటోలు తీసుకుంటున్నారు. ఆవిడ కూడా దిగారు. నేను వెనకాలే వెళ్ళాను. చలికి ముక్కు మొద్దుబారిపోతోంది.

"కరుణ పాడుతుందా, ఆడుతుందా బాబూ?"

"ఆడుతుందండీ."

మీరు కూడానా అనో, ఎందుకిలా చేశారనో అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. తిరిగి వచ్చి సీట్లో కూర్చుని బైబిలు తెరిచారు. పేజీ మాత్రం తిప్పలేదు. చపాతీల డబ్బా మూతపెట్టి సంచీలో పెట్టేశారు. టీ తెచ్చిస్తే అలాగే చల్లారిపోయింది. బిల్‌కి ఏదో తప్పు జరిగిందని అర్థమై, పాపం, తప్పేమన్నా మాట్లాడానా అని నన్ను కళ్ళతోనే అడిగాడు. నేను కాదన్నట్టు చెయ్యి ఊపాను.

టైహాపే దాటాక ఎదురుగా వచ్చే గూడ్సు కోసం రైలు ఒక లూప్ లైన్లో ఆగిపోయింది. పది నిమిషాలు, ఇరవై, అరగంట. నా బస్సయితే ఈపాటికి కంట్రోల్ రూముతో పదిసార్లు మాట్లాడి ఉండేవాణ్ణి. అక్కడ చెయ్యగలిగింది ఏమీ లేదు, గడియారం చూడటం తప్ప. ఆలస్యమై షో తప్పిపోతే బావుండునని ఒక క్షణం అనుకున్నాను, మరుక్షణం కరుణ మొహం గుర్తొచ్చి సిగ్గేసింది.

పామర్‌స్టన్ నార్త్ దగ్గర ఫోన్‌కి సిగ్నల్ వచ్చింది. కరుణ మెసేజీ ఉంది. అమ్మకి తెలిసిందా అని. తెలిసిందని పంపించాను. కరుణ నుంచి మళ్ళీ ఏమీ రాలేదు. అత్తగారు అప్పుడు మాట్లాడారు, నా వైపు చూడకుండానే.

"అయ్యగారు బతికుంటే ఈ రైలు ఎక్కేవారు కాదు బాబూ. నేను ఎక్కాను."

పరపరౌము దగ్గర సముద్రం పక్కనే వచ్చింది, చీకటి పడిపోయి నల్లగా ఉంది. కుడివైపు సీటు కోసం పోట్లాడినవాళ్ళకి కూడా ఆ రోజు ఏమీ దక్కలేదు.

వెల్లింగ్టన్‌లో దిగేసరికి ఏడు దాటింది. రాత్రికి తిరుగు రైలుందా అని అత్తగారు అడిగారు. రేపు పొద్దున్నే ఉందన్నాను. అయితే గదిలో దింపి మీరు వెళ్ళండన్నారు. గది జాన్సన్‌విల్‌లో ఒక మోటెల్లో తీసుకున్నాం, దాని తాళం కరుణ దగ్గరుంది. కరుణ హాల్లో ఉంది. ఇది నేను వేసిన ఎత్తు కాదు, అలా కుదిరింది. ఆ మాట ఆవిడ నమ్మినట్టు లేదు. జాన్సన్‌విల్ వెళ్ళే లోకల్ రైలు అదే స్టేషన్లో చివరి ప్లాట్‌ఫారం మీద ఉంటుంది. కండక్టరు దగ్గరే నోటిచ్చి టికెట్టు తీసుకోవాలి, కార్డు పనిచెయ్యదు. అది సొరంగాల్లోంచి కొండెక్కుతూ ఇరవై నిమిషాలకి పైగా నడిచింది. బిల్ కూడా అందులోనే ఎక్కి, మర్యాదకి రెండు సీట్లు వదిలి దూరంగా కూర్చున్నాడు.

హాలు స్టేషన్ నుంచి అయిదు నిమిషాల నడక. వెల్లింగ్టన్ గాలి గురించి విన్నదంతా నిజమే, గొడుగు తెరవగానే వెనక్కి తిరిగిపోయింది. అత్తగారు చూరు కింద ఆగిపోయారు. లోపలికి రానని, తాళం తెచ్చిమ్మని అన్నారు. నేను లోపలికి వెళ్ళేలోగా హిమజే బయటికి వచ్చింది. సన్నగా, పొట్టి జుట్టుతో, నల్ల స్వెట్టర్లో ఉంది. ఈ అమ్మాయి ఇప్పుడు బతిమాలుతుంది, గొడవ అవుతుంది అనుకున్నాను.

"వందనాలమ్మా. కరుణ డ్రెస్సు మార్చుకుంటోంది, తాళం దాని బ్యాగులో ఉంది, ఇప్పుడు పోయి తెచ్చుడు కుదరదు. లోపల హీటరుంది. తలుపు పక్కనే కుర్చీ వేయిస్త. మీకెప్పుడు లేవాలనిపిస్తే అప్పుడు లేచి పోవచ్చు, ఎవ్వరూ ఆపరు," అంది.

అత్తగారు వణుకుతున్నారు. ఒక నిమిషం నిలబడి, లోపలికి వచ్చి, తలుపు పక్క కుర్చీలో పక్కకి తిరిగి కూర్చున్నారు. సంచి ఒళ్ళో పెట్టుకున్నారు, చలికోటు జిప్పు కూడా తీయలేదు. నాకు ఆవిడ వెనకాల నిలబడటానికి చోటు దొరికింది.

స్టేజీ లేదు. నాలుగు వైపులా కుర్చీలు, మధ్యలో ఖాళీ నేల. హాలు నిండిపోయింది. కివీలు, మనవాళ్ళు కొందరు, ముందు వరసలో ఈ నేల మూలవాసులైన మావోరీల పెద్దావిడ ఒకరు మనవరాలితో వచ్చారు. హిమజ మధ్యలోకి వచ్చి రెండు మాటలే చెప్పింది. "ఈ పని మీ ఇళ్ళల్లో జరిగినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇక్కడ కూడా వద్దు."

పాట లేదు, మద్దెల లేదు. నలుగురు ఆడవాళ్ళూ ఒక మగమనిషీ డ్యూటీ బట్టల్లో వచ్చారు. ఒకరినొకరు లేపారు, కూర్చోబెట్టారు, తల దువ్వారు. రోజూ చేసే పనే. కానీ ఆ నిదానం చూస్తుంటే నా బస్సెక్కే ముసలివాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళు సీటు దాకా చేరకముందే నేను బస్సు కదిలించడం గుర్తొచ్చింది. జనం ఊపిరి కూడా మెల్లగా పీలుస్తున్నారు. అత్తగారు తలుపు వైపే చూస్తున్నారు.

తర్వాత కరుణ ఒక్కతే వచ్చింది. చేతిలో మడతపెట్టిన చీర, తెల్లటి నేతచీర, నీలం అంచు. ఒక తక్కువ ఎత్తు బల్ల మీద దాన్ని పరిచింది. బల్ల మీద ఎవరూ లేరు. లేని మనిషి భుజం కింద చెయ్యి పెట్టి, చీర అంచు పట్టుకుని, పాదాలు ఎడంగా పెట్టి, నెమ్మదిగా తన వైపు లాగింది. వంగి, నుదురు తుడిచింది. మళ్ళీ రెండో వైపు వెళ్ళింది. మళ్ళీ లాగింది. చీర చూసినప్పుడే అత్తగారు ఇటు తిరిగారు. నాకు ఆవిడ మొహం కనపడలేదు, ఒళ్ళో సంచీ పట్టుకున్న వేళ్ళు మాత్రం కనిపించాయి.

కరుణ చివరిసారి ఒత్తిగిలించి, బల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పైకి చూసి, శబ్దం లేకుండా పెదాలు కదిపింది.

అప్పుడు అత్తగారు కుర్చీలోంచి లేచారు.

కరుణ చూసింది. దాని చేతులు చీర మీద అలాగే ఆగిపోయాయి. అంతా అయిపోయిందనుకున్నాను. ఆవిడ సంచి కుర్చీలో పెట్టారు. చలికోటు జిప్పు తీసి, కొంగు లాగి, తల మీద వేసుకున్నారు. మా వాళ్ళల్లో ప్రార్థన చేసేటప్పుడు ఆడవాళ్ళు అలాగే చేస్తారు.

"ఆమెన్," అన్నారు. గొంతు పెద్దది కాదు, కానీ ఆ నిశ్శబ్దంలో నాలుగు గోడలకీ వినపడింది.

ఎవరికీ ఏం చెయ్యాలో తెలీలేదు. ఇది డాన్సులో భాగమా కాదా అని జనం చూస్తున్నారు. ముందు వరసలోని మావోరీ పెద్దావిడ కర్ర ఆనుకుని లేచి నిలబడి, "ఆమినే," అంది. వాళ్ళు ప్రార్థన చివర అనే మాట అది, మా బస్సు డిపోలో పొద్దున్నే వింటుంటాను. తర్వాత బిల్ లేచాడు. ఆ తర్వాత హాలంతా కుర్చీలు కదిలిన చప్పుడు. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

జనం కాస్త పలచబడ్డాక కరుణ చీర మడత పట్టుకుని వచ్చి వాళ్ళమ్మ ముందు నిలబడింది. ఏం వినాల్సి వస్తుందో అని తల దించుకుంది. అత్తగారు ఆ చీర తీసుకుని, మడత విప్పి, కూతురి చేతిలో మళ్ళీ పెట్టారు.

"ఎడమ చెయ్యి మెడ కింద పెట్టాలమ్మా. నాన్నకి మెడ నిలిచేది కాదుగా."

కరుణ అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చింది. హిమజ దూరంగా నిలబడి చూసింది, దగ్గరికి రాలేదు. మేము గదికి వెళ్ళి, మిగిలిన చపాతీలు ముగ్గురం తిన్నాం.

ఆదివారం పొద్దున టాక్సీలో స్టేషన్‌కి వచ్చి, ఎనిమిది కాకముందే ఆక్లండ్ రైలెక్కాం. ఆరాధనకి వెళ్ళకుండా ఆదివారం గడిచింది తన జీవితంలో ఇదే మొదటిసారని అత్తగారు అన్నారు. అన్నారే కానీ కోపంగా లేరు. అలాగని అంతా చల్లబడిందనీ చెప్పలేను. ఓహాకునే దాకా తల్లీకూతుళ్ళు పెద్దగా మాట్లాడుకోలేదు. అయ్యగారు ఉంటే ఏమనేవారో తెలీదని ఆవిడ ఒకసారి తనలో తాను అనుకున్నారు. మంచుకొండ ఈసారి కుడివైపు, ఎండలో తెల్లగా స్పష్టంగా కనిపించింది.

హామిల్టన్ చేరకముందే కరుణ ఫోన్ మోగింది. మా సంఘం పెద్దాయన. జాన్సన్‌విల్ నుంచి ఎవరో అప్పటికే చేరవేశారు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక కరుణ ఆగాలని, పెద్దలు మాట్లాడాలని అన్నాడు. కరుణ సరేనండీ, సరేనండీ అంటోంది. అత్తగారు చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నారు.

ఆవిడ తన పేరు చెప్పి, అయ్యగారి పేరు చెప్పి, వందనాలు చెప్పారు. తర్వాత మీ సంఘంలో సాక్ష్యానికి ఎంత టైమిస్తారని అడిగారు. ఆరాధన మధ్యలో ఎవరైనా లేచి, దేవుడు తమకి చేసిన మేలు అందరి ముందూ చెప్పడాన్ని మేము సాక్ష్యమంటాం. అవతల ఆయన ఏదో అన్నాడు. ఆవిడ విన్నారు.

"అయిదు నిమిషాలు చాలదండీ. నా కూతురు వాళ్ళ నాన్నకి చేసిన సేవ నేను చూసొచ్చాను. ముందు నన్ను మాట్లాడనివ్వండి, తర్వాత దాన్ని అడుగుదురుగాని."

ఫోన్ తిరిగి ఇచ్చేసి, కిటికీ వైపు తిరిగి, చీర తీయమ్మా అన్నారు. కరుణ బ్యాగులోంచి తీసి టేబుల్ మీద పెట్టింది. అత్తగారు దాన్ని నిలువుగా మడిచి, ఎడమ చెయ్యి ఎక్కడ పెట్టాలో మెల్లగా చూపించడం మొదలుపెట్టారు. పాపకూరకి రైలు ఎన్నింటికి చేరిందో నేను చూడలేదు.